హోస్టింగ్‌లో ఉన్న సైట్ ఫైల్స్ వారం వారం దానంతటదే బ్యాకప్ అవ్వాలంటే ఏం చేయాలి?

కర్రీపాయింట్_బామ్మర్ది:
అందరికీ నమస్తే. మారతహళ్ళిలో మా బావ కర్రీ పాయింట్, పచ్చళ్ళ ఆర్డర్లు తీసుకోడానికి ఓ వర్డ్‌ప్రెస్ సైట్ ఉంది, నేనే చూసుకుంటా. షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ని చాలామందికి పంచి ఇచ్చేది), సైట్ చూసుకోడానికి సీప్యానెల్ అనే కంట్రోల్ పేజీ. ఫొటోలతో కలిపి 9 జీబీ దాకా అయింది, ఫైల్ మేనేజర్‌లో జిప్ చేద్దామంటే సగంలో ఆగిపోతోంది, ఫైళ్ళు దించుకునే ఫైల్‌జిల్లా సాఫ్ట్‌వేర్ పెడితే రాత్రంతా లాగుతూనే ఉంటుంది. హోస్టింగ్ వాళ్ళేమో రోజూ మేమే తీస్తాం మీకెందుకు అంటున్నారు. నమ్మి ఊరుకోవచ్చా?

సర్వర్_సుబ్బడు:
ఊరుకోవద్దు బ్రో. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడింది, సైటూ బ్యాకప్పూ రెండూ అక్కడే పెట్టుకున్నోళ్ళకి రెండూ పోయాయి. మీ ప్లాన్‌లో ఎస్ఎస్‌హెచ్ (మన సిస్టమ్ నుంచి సర్వర్‌లోకి భద్రంగా వెళ్ళి కమాండ్లు కొట్టే దారి) ఇస్తారేమో అడుగు, ఇస్తే ఆర్‌సింక్ అనే ఫైళ్ళు కాపీ చేసే టూల్ వాడుకో. మొదటిసారి 9 జీబీ మొత్తం లాగుద్ది, ఆ తర్వాత కొత్తవీ మారినవీ మాత్రమే, మధ్యలో కరెంటు పోయినా అప్పటికే వచ్చిన ఫైళ్ళని మళ్ళీ లాగదు.

ఇంకోటి, సర్వర్ నుంచి ఇంటికి పంపేటట్టు పెట్టకు, ఇంటి సిస్టమే వెళ్ళి లాక్కోవాలి. పంపేటట్టు పెడితే బ్యాకప్ తాళం సర్వర్‌లోనే ఉన్నట్టు, సైట్‌లోకి దూరినోడు బ్యాకప్ కూడా తుడిచేసి పోతాడు. ఆర్‌సింక్‌లో డిలీట్ ఆప్షన్ జోలికి అసలు పోకు, అక్కడ పోయిన ఫైల్ ఇక్కడా పోద్ది.

అనంతపురం_అక్క:
ఫైల్స్ ఒకటే తీస్తే ఏం లాభం తమ్ముడూ, ఆర్డర్లన్నీ డేటాబేస్‌లో ఉంటాయి కదా. సైట్ ఫైళ్ళుండే పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్ మొత్తం దించుకున్నా అది రాదు. సీప్యానెల్‌లో క్రాన్ అని, చెప్పిన టైమ్‌కి కమాండ్ నడిపేది ఉంటాది, దాంట్లో డేటాబేస్‌ని ఒక ఫైల్‌గా (డంప్) తీసే మైసీక్వెల్‌డంప్ కమాండ్ పెట్టు, అది అయినాక ఆర్‌సింక్ నడిచేలా టైమ్ చూసుకో. డంప్ మాత్రం ఆ ఫోల్డర్ లోపల పెట్టొద్దు, అడ్రస్ కనిపెట్టినోడెవడైనా కస్టమర్ల ఫోన్ నంబర్లతో సహా దించుకుంటాడు. ఫైల్ పేరులో తేదీ కావాలంటే క్రాన్‌లో పర్సెంట్ గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ ఉండాల, లేకుంటే కమాండ్ అక్కడికే తెగిపోతాది, మనం చేత్తో కొడితే పనిచేస్తాది క్రాన్‌లో చేయదు, జుట్టు పీక్కోవాల్సిందే.

ఎస్ఎస్‌హెచ్ లేదంటే అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ ప్లగిన్‌తో గూగుల్ డ్రైవ్‌కి పంపొచ్చు, కానీ ఫ్రీగా ఇచ్చేది జీమెయిల్‌తో కలిపి 15 జీబీ, నీ సైట్‌వి రెండు కాపీలు పట్టవు.

బొమ్మనహళ్ళి_బాయ్:
అన్నీ పెట్టేసి మర్చిపోకండి మాస్టారూ. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్‌లో పొరపాటున అసలు డేటాబేసే తుడిచేశారు, తీరా చూస్తే వెర్షన్ తేడా వల్ల బ్యాకప్ ఫెయిల్ అవుతూ వస్తోంది, ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్ళు కూడా ఎవరికీ చేరలేదు. అంత పెద్ద కంపెనీకే అలా అయింది. అప్పుడప్పుడూ లాప్‌టాప్‌లో ఎక్స్ఏఎంపీపీ (సిస్టమ్‌నే చిన్న సర్వర్‌లా చేసే సాఫ్ట్‌వేర్) వేసి ఆ కాపీతో సైట్ లేస్తుందో లేదో చూడండి. తేదీల వారీగా నాలుగైదు కాపీలు ఉంచుకోండి, హ్యాక్ అయిన సంగతి మనకి ఆలస్యంగా తెలుస్తుంది, ఈలోపు మంచి ఫైల్ మీద చెడ్డది ఎక్కేసి ఉంటుంది.

కర్రీపాయింట్_బామ్మర్ది:
థాంక్స్ అందరికీ. ఎస్ఎస్‌హెచ్ ఉందంట, అడిగితే ఆన్ చేశారు, పోర్ట్ (కనెక్ట్ అయ్యే ద్వారం నంబర్) మామూలుగా ఉండే 22 కాదు వేరేది ఇచ్చారు. నాది విండోస్ లాప్‌టాప్, అందులో ఆర్‌సింక్ ఉండదు కదా?

సర్వర్_సుబ్బడు:
డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లైనక్స్ నడిపేది) ఎక్కించు, అందులో వస్తుంది. టైమ్ మాత్రం విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టు, లాప్‌టాప్ ఆన్‌లో ఉండే టైమ్ చూసి. పోర్ట్ నంబర్ కమాండ్‌లో ఇవ్వకపోతే కనెక్ట్ అవ్వదు.