లాహించ్‌లో అక్టోబరు: గోల్ఫ్, సర్ఫింగ్ రెండూ కుదురుతాయా?

అడిగినవారు: బరంపురం
అక్టోబరు రెండో వారంలో నేను, మా బావమరిది ఐర్లండ్ వెళ్తున్నాం. మకాం పడమటి తీరంలోని లాహించ్ ఊళ్లోనే, ఏడు రోజులు. గోల్ఫ్ అలవాటు విశాఖ ఈస్ట్ పాయింట్‌లో. సర్ఫింగ్ మాత్రం మన తూర్పు తీరం గోరువెచ్చని నీళ్లలో, నిక్కరు మీద. అక్కడ చలి, వాన అంటున్నారు. చల్లనీళ్లలో ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు వెట్‌సూట్ ఏ మందం కావాలి? బండి మీద వేసుకునే రెయిన్‌కోటు గోల్ఫ్‌కి పనికొస్తుందా? ఒకే రోజు రెండూ పెట్టుకోవచ్చా?

జవాబు 1: గోపాల్‌పూర్
అక్టోబరులో అక్కడి సముద్రం 14 డిగ్రీల అటూ ఇటూ. 4/3 సూట్ తీసుకోండి. అంటే ఒంటికి 4 మిల్లీమీటర్లు, చేతులకీ కాళ్లకీ 3. కాళ్లకి 3 మిల్లీమీటర్ల బూట్లు కూడా. చలికి ఆగలేని వాళ్లయితే తలకి హుడ్. కొనక్కర్లేదు, ఊళ్లో సర్ఫ్ స్కూళ్లు అద్దెకిస్తాయి.

మందం కంటే కొలత ముఖ్యం. మెడ దగ్గర, నడుం వెనకాల వదులుంటే అల పడ్డప్పుడల్లా చల్లనీళ్లు లోపలికి తోసుకొస్తాయి, అప్పుడు 5 మిల్లీమీటర్లదైనా దండగే. తొడుక్కునేటప్పుడు కాళ్లకి ప్లాస్టిక్ సంచి చుట్టుకుంటే సులువుగా జారుతుంది. గోళ్లతో లాగితే సూట్ రబ్బరు (నియోప్రీన్) చిరుగుతుంది, వేళ్ల మెత్తతో లాగాలి.

ఆటుపోట్లు చూడకుండా దిగకండి. మన గోపాల్‌పూర్ కంటే అక్కడ నీటిమట్టం తేడా చాలా ఎక్కువ. నిండు పోటులో లాహించ్ ఇసుక మొత్తం మునిగి, అలలు గట్టు రాళ్లకే కొడతాయి. కొత్తవాళ్లకి పోటు తగ్గుతున్న సగం దారిలో మంచిది. బోర్డు 8 అడుగులకి తగ్గని ఫోమ్‌దే. తీరం పడమటి ముఖం, కాబట్టి తూర్పు గాలి ఉన్నరోజు అల నున్నగా లేస్తుంది. నైరుతి గాలైతే అంతా నురగే.

జవాబు 2: పర్లాకిమిడి
బండి రెయిన్‌కోటు వద్దు బాబూ. గాలాడదు, నాలుగో హోల్‌కే లోపల చెమటతో తడుస్తారు, స్వింగ్‌కి భుజం తిరగదు. కుట్లకి టేపు వేసిన, చప్పుడు చెయ్యని గోల్ఫ్ జాకెట్, ప్యాంటు కావాలి. ప్యాంటుకి పొడుగు జిప్పు ఉంటే బూట్లు విప్పకుండానే ఎక్కించొచ్చు.

చేతులు అన్నిటికంటే కష్టం. తోలు గ్లోవ్ తడిసిందంటే సబ్బుబిళ్ల పట్టుకున్నట్టే. వాన గ్లోవ్స్ జతగా, రెండు చేతులకీ వేసుకోవాలి, అవి తడిసేకొద్దీ పట్టు పెరుగుతుంది. తువ్వాళ్లు మూడు: ఒకటి గొడుగు లోపలి కమ్మీకి వేలాడదీసి గ్రిప్పు తుడవడానికి, ఒకటి బంతికి, ఒకటి బ్యాగులో పొడిగా. గాలి ఎక్కువైతే గొడుగు నమ్ముకోకండి, తిరగబడుతుంది.

చలిలో బంతి బిగుసుకుంటుంది, గాలీ చిక్కబడుతుంది. ఎదురుగాలి లేకపోయినా ఇంకాస్త దూరం కొట్టే క్లబ్ (గోల్ఫ్ కర్ర) తియ్యండి. ఎదురుగాలికి బంతి వెనక కాలి వైపు ఉండేలా నిలబడి, సగం స్వింగ్‌తో కిందుగా కొట్టండి. లాహించ్ గోల్ఫ్ మైదానం ఇసుక నేల, వాన నిలవదు, బంతి బాగా దొర్లుతుంది. 'డెల్' అనే అయిదో హోల్‌లో గ్రీన్ (గుంట ఉండే పచ్చిక) కనిపించదు, దిబ్బ మీది తెల్లరాయే గురి. మీ ఆట స్థాయి చూపే హ్యాండిక్యాప్ కార్డు వెంట పెట్టుకోండి, అడుగుతారు.

బరంపురం
మరి ఒకే రోజు?

జవాబు 3: రాయగడ
కుదురుతుంది, గోల్ఫ్ ముందైతేనే. బోర్డు మీద రెండు గంటలు చేతులతో తెడ్డు వేశాక భుజాలు, ముంజేతులు చచ్చుబడతాయి. ఆ తర్వాత డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) పట్టుకుంటే బంతి కుడికే పోతుంది. కానీ గోల్ఫ్‌లో తడిసి వణుకుతూ నీళ్లలోకి దిగొద్దు. పొడిబట్టలు, వేడి టీ, ఓ గంట విరామం. గోల్ఫ్ మొదలుపెట్టే వేళ (టీ టైము) ఆటుపోట్ల పట్టిక చూసే బుక్ చెయ్యండి. పోటుకీ పోటుకీ సుమారు 12 గంటల 25 నిమిషాలు, కాబట్టి రోజూ ముప్పావు గంటకి పైగా ఆలస్యమవుతుంది. ఆ రోజుల్లో సాయంత్రం ఏడులోపే పొద్దు గుంకుతుంది.

బూట్లు రెండు జతలు. తడిసినవాటిలో కాగితాలు కుక్కండి, హీటర్ మీద పెడితే తోలు పగులుతుంది.

ఇంకోటి, షెంగెన్ వీసా అక్కడ చెల్లదు, ఐర్లండ్‌ది వేరే. రాయల్ పోర్ట్‌రష్ గోల్ఫ్ మైదానం చూసొద్దామని ఉత్తరానికి కారు తిప్పితే అది ఉత్తర ఐర్లండ్, అంటే యూకే. దారిలో గేటు కనపడదు గానీ అక్కడ చెల్లే వీసా మాత్రం ఉండాలి.

జవాబు 2: పర్లాకిమిడి
వాతావరణం యాప్ పనిచెయ్యకపోతే లాహించ్ మేకల్ని చూడండి. అవి క్లబ్‌హౌస్ దగ్గర చేరితే వాన అని అక్కడి నానుడి. లాహించ్ గోల్ఫ్ క్లబ్ గుర్తు కూడా మేకే.