అక్టోబరు చివర్లో బ్లాక్ ఐలాండ్: ఒడ్డు నుంచి స్ట్రైపర్ల వేట, మా ప్లాన్ చూసి చెప్పండి

ఇసుకతీరం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. నేనూ మా బావమరిదీ కలిసి అక్టోబరు చివరి వారంలో అమెరికాలోని రోడ్ ఐలాండ్ దగ్గరున్న బ్లాక్ ఐలాండ్ అనే దీవికి వెళ్దామనుకుంటున్నాం. పడవ లేదు, అంతా ఒడ్డు నుంచే. ఇసుక బీచ్‌ల మీద స్ట్రైపర్లు (చారల బాస్ చేపలు) పట్టిన అలవాటు ఇద్దరికీ ఉంది. రాళ్ళ మీద నిలబడి, అందులోనూ రాత్రిపూట, ఎప్పుడూ గాలం వెయ్యలేదు.

ఇప్పటిదాకా అనుకున్నది ఇదీ. పాయింట్ జూడిత్ దగ్గర కారుతో సహా ఫెర్రీ ఎక్కుతాం. దీవి మీద టెంటు వేసుకుంటాం. మొదటి రాత్రి దక్షిణపు ఒడ్డున మోహెగన్ బ్లఫ్స్ అనే కొండచరియ కింద, రెండో రాత్రి నైరుతి మూల సౌత్‌వెస్ట్ పాయింట్, ఆ తర్వాత ఉత్తరం కొసన శాండీ పాయింట్. 10 అడుగుల రాడ్లు, 30 పౌండ్ల బ్రెయిడ్ లైన్ (అల్లిన దారం), వేడర్లు (నీళ్ళలో దిగేందుకు వేసుకునే తడవని ప్యాంట్లు) ఉన్నాయి. బూట్లు మామూలు రబ్బరు అడుగువి.

ఈ వరస బాగానే ఉందా? ఏ ప్లగ్‌లు (చేపలా ఉండే ఉత్తుత్తి ఎరలు) తెచ్చుకోవాలి? ఇంకొకటి, మా బావమరిదికి ఈత అంతంత మాత్రమే. నా టెన్షన్ అంతా అదే.

నైరుతిగాలి:

ముందు టెంటు సంగతి. బ్లాక్ ఐలాండ్ మీద టెంట్లు వెయ్యనివ్వరు. అక్టోబరు రెండో సోమవారం సెలవు దాటాక అక్కడి వసతులు చాలావరకు మూసేస్తారు. కాబట్టి ముందు గది దొరుకుతుందో లేదో చూసుకోండి, తర్వాత కారుకు ఫెర్రీలో చోటు బుక్ చేసుకోండి, మిగతావన్నీ ఆ తర్వాతే.

ఇక మీ వరస. ఏ రాత్రి ఎక్కడో ఇంట్లో కూర్చుని రాసుకుంటే ఆ కాగితం అక్కడ పనికిరాదు. దీవి మొత్తం 10 చదరపు మైళ్ళు కూడా ఉండదు. ఏ కొస నుంచి ఏ కొసకైనా కారులో కాసేపట్లో చేరిపోతారు. అక్కడ మనకున్న పెద్ద సౌకర్యం అదే, దాన్ని వదులుకోవద్దు. రోజూ మధ్యాహ్నం గాలి ఎటు వీస్తోందో, ఉబ్బు (దూరం నుంచి వచ్చే పొడవాటి అలలు, స్వెల్) ఎటునుంచి వస్తోందో చూసి ఆ రాత్రికి ఏ వైపో అప్పుడు తేల్చుకోండి. దక్షిణం వైపు నేరుగా అట్లాంటిక్‌కి ఎదురుగా ఉంటుంది. ఎక్కడో దూరాన తుఫాను పుట్టినా దాని ఉబ్బు ముందు బ్లఫ్స్‌కీ నైరుతి మూలకీ తగులుతుంది. ఈశాన్యపు గాలి పట్టుకుంటే తూర్పు ఒడ్డు చెడుతుంది, అప్పుడు పడమటి వైపు కోవ్‌లు, అంటే ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన చిన్న ఒంపులు, పనికొస్తాయి. నురగ కొంచెం లేస్తూ ఉంటే స్ట్రైపర్లకు ఇష్టమే, కానీ ఆ నురగలో మీరు నిలబడగలగాలి.

అలల కోసం 44097 నంబరు బోయ్ (సముద్రంలో తేలుతూ అలలను కొలిచే పరికరం) లెక్కలు ఫోనులో చూడండి. అది బ్లాక్ ఐలాండ్ బోయే. అందరూ అల ఎత్తు చూసి ఫోను జేబులో పెట్టేస్తారు. మీరు పక్కనున్న సెకన్లు, అంటే అలకూ అలకూ మధ్య వ్యవధి, కూడా చూడండి. 6 సెకన్లకొకటి వచ్చే 4 అడుగుల అల వేరు, 12 సెకన్లకొకటి వచ్చే 4 అడుగుల అల వేరు. ఎత్తు ఒకటే అయినా రెండోది మోసుకొచ్చే శక్తి దాదాపు రెట్టింపు. పైగా లోతు తగ్గేకొద్దీ అది ఇంకా లేస్తుంది. చాలాసేపు నీరు పడుకున్నట్టే ఉంటుంది, ఆ తర్వాత వరసగా పెద్దవి వస్తాయి. రాళ్ళ మీద మనుషులను లాక్కెళ్ళేవి ఇవే. అందుకని రాడ్ విప్పకముందు, ఎత్తుగా పొడిగా ఉన్న చోట నిలబడి కనీసం 20 నిమిషాలు ఊరికే చూడండి. ఆ కాసేపట్లో మీరు ఎక్కాలనుకున్న రాయి ఒక్కసారి తడిసినా దాన్ని వదిలెయ్యండి. అక్కడ పోటుకీ పాటుకీ తేడా 3 అడుగులకు అటూ ఇటూ మాత్రమే, కాబట్టి ఏ రాయి ఎక్కొచ్చో చెప్పేది పోటు కంటే ముందు ఆ ఉబ్బే. ఎక్కాక పోటు పెరుగుతుంటే మాత్రం వెనక్కి వచ్చే దారి మునగకముందే దిగిపోవాలి.

రాయిని చదవడం పగటి వెలుతురులోనే నేర్చుకోవాలి. తెల్లగా గరుకుగా బార్నకిల్స్ (రాయికి అంటుకునే చిన్న గుల్లలు) పట్టిన రాయి పాదాన్ని పట్టుకుంటుంది. గోధుమరంగు నాచు కుచ్చులు వేలాడేచోట జారుతుంది, కానీ కంటికి కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్త పడతాం. భయపడాల్సింది ఆ రెండింటికీ పైన ఉండే నల్లటి పట్టీకి. చూడ్డానికి వట్టి తడిరాయిలా ఉంటుంది, కాలు పెడితే నూనె పూసిన గాజే. రబ్బరు అడుగు బూట్లు దాని మీద ఆగవు, కార్బైడ్ మేకులున్న అడుగు తప్పనిసరి. మీ లిస్టులో ఒక్కటే కొనే వీలుంటే ప్లగ్‌లు ఆపి ఇవి కొనండి.

మొదటి కాస్ట్ (గాలం విసరడం) వెయ్యకముందే చేపను ఎక్కడికి తెస్తారో నిర్ణయించుకోండి. రెండు రాళ్ళ మధ్య నీరు కాస్త మెత్తబడే సందు చూసుకుని, చేప అలసిపోయాక లోపలికొచ్చే అలతో పాటు దాన్ని ఆ సందులోకి నడిపించాలి. అల వెనక్కి పోతున్నప్పుడు లాగితే లైన్ తెగుతుంది. చేప పక్కకు పరిగెత్తితే మీరు రాళ్ళ మీద దాని వెంట పడొద్దు, కావాలంటే పోనివ్వండి.

మోహెగన్ బ్లఫ్స్ దగ్గర 141 మెట్లు దిగాలి. ఆ మెట్ల తర్వాత ఇంకా రాళ్ళ మీదుగా దిగుడు ఉంటుంది. పగలు చూసి రాని వాళ్ళు రాత్రి అక్కడికి దిగకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ కొండచరియ విరిగి పడుతూనే ఉంటుంది. దాని అంచునున్న సౌత్‌ఈస్ట్ లైట్‌హౌస్‌ను 1993లో లోపలికి జరపాల్సి వచ్చింది కూడా అందుకే. వానలు పడ్డాక చరియకు ఆనుకుని కూర్చోవద్దు.

పొడుగుప్లగ్:

పైన చెప్పినవన్నీ నిజం. ప్లగ్‌ల సంగతి నేను చెప్తాను.

శరదృతువులో అక్కడ స్ట్రైపర్లు ఎక్కువగా శాండ్ ఈల్స్ అనే సన్నటి చిన్న చేపల కోసం ఒడ్డుకు వస్తాయి. 1980ల్లో బ్లాక్ ఐలాండ్ నవంబరు రాత్రుల పేరు మోగింది వీటివల్లే. అప్పుడు జనం వేసింది నీడిల్‌ఫిష్ ప్లగ్. చూస్తే పెన్సిల్ ముక్కలా ఉంటుంది, దానంతట అదేమీ ఊగదు. కొత్తవాళ్ళు అది పనిచెయ్యట్లేదనుకుని గబగబా చుట్టేస్తారు. అది తప్పు. లైన్ బిగువుగా ఉండేంత వరకే, రీల్ హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. నాకైతే అమావాస్యకు దగ్గరి చీకటి రాత్రులే ఇష్టం, ముదురు రంగు ప్లగ్‌తో. నీటిలోకి లైటు వెయ్యకండి. లైన్ ముడి వేసుకోవాలన్నా సముద్రానికి వీపు పెట్టకుండా, వెనక్కి నడిచొచ్చి వేసుకోండి.

ఒకటిన్నర, రెండు ఔన్సుల బక్‌టెయిల్ జిగ్‌లు (వెంట్రుకల కుచ్చు కట్టిన బరువైన గాలాలు) కొన్ని ఉంచుకోండి. ప్రవాహం ఉన్నచోట డార్టర్ అనే ప్లగ్ బాగుంటుంది. లీడర్ (గాలం దగ్గర కట్టే మందపు దారం) 50 పౌండ్లది పెట్టండి, బండరాళ్ళకు రాసుకుంటుంది.

రూల్స్ కూడా చూసుకోండి. 2023 నుంచి నడుస్తున్న లెక్క ప్రకారం 28 నుంచి 31 అంగుళాల మధ్య ఉన్న స్ట్రైపర్‌ను మాత్రమే ఉంచుకోవచ్చు, మనిషికి రోజుకు ఒకటి. ఎరతో వేస్తే సర్కిల్ హుక్ (కొన లోపలికి వంగిన గుండ్రటి గాలం) తప్పనిసరి. గాఫ్ (చేపను గుచ్చి లాగే కొక్కెం) వాడకూడదు. ఇవి మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారం రాష్ట్రం వెబ్‌సైట్ మళ్ళీ చూడండి, సముద్రపు వేట లైసెన్సు కూడా అక్కడే. పెద్ద చేప పడితే నీటిలోనే గాలం తీసి, తల అలకు ఎదురుగా పట్టుకుని వదలండి. గుడ్లు పెట్టే పెద్ద ఆడచేపలు అవే.

తడిసినజడ:

ఇసుకతీరం గారూ, మీ బావమరిది గురించి ఎవరూ మాట్లాడలేదని రాస్తున్నాను. నేను మా ఆయనతో కలిసి ఆ దీవికి వెళ్తుంటాను.

ఈత రానివాళ్ళు అక్కడ చెయ్యదగిన వేట ఉంది, అయితే నీళ్ళలో దిగకూడదు. న్యూ హార్బర్ కాలువ చూడండి, గ్రేట్ సాల్ట్ పాండ్ నీళ్ళు సముద్రంలోకి వచ్చేది అక్కడే. పాటు సమయంలో నీరు వెనక్కి తీసేటప్పుడు పాండ్‌లోని చిన్నచేపలన్నీ ఆ సందులోంచే బయటికి రావాలి, స్ట్రైపర్లు అక్కడ కాచుకుని ఉంటాయి. పొడిగా నిలబడి వెయ్యొచ్చు. శాండీ పాయింట్ మాత్రం ఇసుక కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. రెండు వైపుల నీళ్ళూ ఆ కొస దగ్గర కలుస్తాయి, లాగుడు చాలా బలంగా ఉంటుంది. మోకాలు దాటి దిగొద్దని ఆయనకు ఇప్పుడే చెప్పండి.

లైఫ్ జాకెట్ ఇద్దరికీ ఉండాలి. గాలితో ఉబ్బే సన్నరకం అయితే కాస్ట్ వెయ్యడానికి అడ్డు రాదు. వేడర్ల మీద నడుముకు బెల్టు బిగించి కట్టండి, పడితే లోపలికి నీరు త్వరగా నిండదు.

పేలు కూడా మర్చిపోవద్దు, జింకల మీద ఉండే డీర్ టిక్స్. దీవికి జింకలను 1967లో తెచ్చారు. ఇప్పుడు ఆ పేలు కుడితే వచ్చే లైమ్ జబ్బు అక్కడ బాగా ఉంది. చలి వచ్చింది కదా పేలుండవనుకుంటారు, కానీ పూర్తిగా ఎదిగిన పేలు తిరిగేది అక్టోబరు, నవంబరుల్లోనే. ఒడ్డుకు వెళ్ళే దారులన్నీ పొదల మధ్యనుంచే. బట్టలకు పర్మెత్రిన్ అనే పురుగుల మందు ముందే కొట్టి ఆరబెట్టుకోండి. రాత్రి ఎంత అలసిపోయినా మోకాళ్ళ వెనక, నడుము దగ్గర, తల వెంట్రుకల్లో చూసుకునే పడుకోండి.

ఇసుకతీరం:

అందరికీ చాలా థాంక్స్. మొదటి రోజు పగలంతా చూడటానికే పెట్టుకున్నాం. ఆ రాత్రి న్యూ హార్బర్ కాలువ దగ్గరే. మేకుల బూట్లు ఆర్డర్ పెట్టాను. ఒక్క సందేహం: తిరుగు ఫెర్రీ ఆదివారం ఉదయానికి బుక్ చేస్తే, శనివారం రాత్రి తెల్లవార్లూ వేసుకోవచ్చా?

నైరుతిగాలి:

వేసుకోవచ్చు, కానీ సోమవారం కూడా ఆఫీసుకు సెలవు పెట్టుకోండి. గాలి ముదిరితే ఫెర్రీలు ఆపేస్తారు, చివరి వారంలో అది మామూలే. సోమవారం ఖాళీగా ఉంటే మీకు హడావుడి ఉండదు. శనివారం మధ్యాహ్నం 44097 చూసినప్పుడు సెకన్లు రెండంకెల్లో ఉండి, దక్షిణపు ఉబ్బు అయితే, ఆ రాత్రి కూడా కాలువ దగ్గరే వెయ్యండి.