హాన్సెల్ నోట్స్ ఏ వరుసలో పెడితే పిల్లలకు దొరుకుతుంది?

తిరుపతి_ల్యాబ్:
నమస్కారం. తిరుపతిలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. ఉచితం కాబట్టి ల్యాబ్‌లో గ్రెటెల్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ వాడతాం. దాని స్క్రిప్టు భాష హాన్సెల్ మీద తెలుగులో నోట్స్ రాస్తున్నా. 40 పేజీలయింది. కమాండ్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల వరుసలోనే పెట్టాను.

పోయిన వారం ఒకమ్మాయి దామలచెరువు మండీ తోతాపురి ధరల మీద రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో అంచనా వేసే లెక్క) వేసింది. తర్వాత రెసిడ్యువల్స్, అంటే అసలు విలువలకూ మోడల్ అంచనాలకూ మధ్య తేడాలు, కావాల్సొచ్చాయి. నా నోట్స్‌లో 'ఆర్' అక్షరం కింద చూసింది, రిగ్రెషన్ వేసే కమాండ్ 'ఓఎల్ఎస్' కింద చూసింది. లేవు. అవి డాలర్ గుర్తు పెట్టి 'యూహ్యాట్' అని రాస్తే వస్తాయి. దాన్ని నేను ఎక్కడో చివర యాక్సెసర్ల (మోడల్ ఫలితాలను తీసిచ్చే పేర్ల) పట్టికలో పెట్టాను. ఆ పిల్ల అలా పేజీలు తిప్పుతుంటే పక్కన నిలబడ్డ నాకే ప్రాణం ఉసూరుమంది. అక్షర క్రమం తీసేసి పనుల వారీగా మార్చేయనా?

చిత్తూరు_డేటా:
తీసేయొద్దు మేడమ్. కమాండ్ పేరు తెలిసి, ఆప్షన్ మరిచిపోయినవాళ్లకు అదే దిక్కు. ఆఫీసులో నేను రోజూ అలాగే వెతుకుతా. గ్రెటెల్ కమాండ్ రిఫరెన్స్‌లోనూ అక్షర క్రమం ఉంది, విషయాల వారీ జాబితా కూడా ఉంది. యూజర్స్ గైడ్ వేరు, కొత్తగా స్క్రిప్టు నేర్చుకునేవాళ్లకు హాన్సెల్ ప్రైమర్ వేరు. ఈ మూడు పనులూ మీ 40 పేజీలే చేయాలంటే ఎలా?

పాత_విద్యార్థి:
మేడమ్, యూహ్యాట్‌ను ఓఎల్ఎస్ పేజీలోనే రాయండి. పట్టికలో మళ్లీ వచ్చినా నష్టం లేదు. దాని కిందే ఇంకో మాట పెద్దక్షరాల్లో ఉండాలి: అది చివరగా వేసిన మోడల్‌దే ఇస్తుంది. నేను ప్రాజెక్టులో రెండు మోడళ్లు వరసగా వేసి, మొదటిదనుకుని రెండోదాని రెసిడ్యువల్స్ గ్రాఫ్ గీశాను. వైవా ముందురోజు రాత్రి కనిపెట్టా. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మోడల్ వేయగానే రెసిడ్యువల్స్‌ను ఒక సిరీస్‌గా (పేరున్న కొత్త కాలమ్‌గా) దాచుకోవాలని ఎక్కడైనా రాసుంటే నాకు ఆ రాత్రి నిద్ర ఉండేది.

ఆర్_వాడుకరి:
ఉదాహరణల సంగతి కూడా చూడండి. ఆర్ అనే ఇంకో స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో 'ఎగ్జాంపుల్' అని రాసి ఫంక్షన్ పేరు ఇస్తే, హెల్ప్ పేజీలో ఉన్న ఉదాహరణ అక్కడికక్కడే నడుస్తుంది. మీ నోట్స్‌లోవి మీ కంప్యూటర్లోని ఫైలును తెరిచేవైతే పిల్లల దగ్గర మొదటి లైనులోనే ఎర్రర్ వస్తుంది. గ్రెటెల్‌తో పాటే వచ్చే డేటా4-1 అనే ఫైలు వాడండి. 14 ఇళ్ల ధరలు, వైశాల్యాలు ఉంటాయి. ఓఎల్ఎస్ చూపించడానికి అది చాలు.

తిరుపతి_ల్యాబ్:
అందరికీ ధన్యవాదాలు. నా ఉదాహరణలన్నీ మండీ ఫైలు మీదే ఉన్నాయి, ఆ ఆలోచనే రాలేదు. అక్షర క్రమం వెనక్కి జరుపుతాను. ముందు భాగం 'రిగ్రెషన్ వేశాక ఏం అడుగుతారు' అన్నదాంతో మొదలుపెడతా. అందులో మొదటి పేజీ యూహ్యాట్‌దే, పాత విద్యార్థి చెప్పిన హెచ్చరికతో సహా. సోమవారం ల్యాబ్‌లో ఆ అమ్మాయి చేతికే ఇచ్చి, నేను నోరు మెదపకుండా చూస్తాను.