విద్యుత్ కార్లకు రాయితీ ఇవ్వాలా, ఆ సొమ్మును బస్సులకు మళ్లించాలా?

బాటసారి (చర్చ ప్రారంభం):
విద్యుత్ వాహనాలు రావాలన్న విషయంలో ఇప్పుడు పెద్దగా పేచీ లేదు. ప్రభుత్వ సొమ్ము ఎవరి చేతికి వెళ్లాలన్న దగ్గరే పేచీ వస్తోంది. సొంత కారు కొనుక్కునే స్తోమత ఉన్న కుటుంబానికి ఖజానా నుంచి రాయితీ ఇవ్వడం న్యాయం కాదని, ఆ డబ్బుతో విద్యుత్ బస్సులు నడపాలని నా అభిప్రాయం. నార్వేను ఆదర్శంగా చూపేవారు, ఆ దేశం పెట్రోలు, డీజిలు కార్ల కొనుగోలుపై చాలా కాలంగా భారీ పన్ను వేస్తోందనీ, ఆ పన్నును విద్యుత్ కార్లకు మినహాయించడమే అక్కడి అసలు కిటుకనీ చెప్పడం మరచిపోతారు. అంత పన్నే లేని చోట మినహాయించడానికి ఏముంటుంది? విభేదించేవారు కారణాలతో రాయాలని కోరుతున్నాను.

విద్యుల్లత:
బాటసారి గారూ, నార్వే గురించి మీరు చెప్పింది నిజమే కానీ, అది సగమే. 1990లో కొనుగోలు పన్ను మినహాయింపుతో మొదలుపెట్టి, 2001లో విలువ ఆధారిత పన్నును కూడా ఎత్తివేసిన ఆ దేశంలో, 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది పూర్తి విద్యుత్ కార్లే. ప్రభుత్వాలు మారినా విధానం దారి తప్పలేదు. వెనక్కి తగ్గాల్సి వచ్చినప్పుడు కూడా 2023లో ఐదు లక్షల క్రోనర్లకు (నార్వే కరెన్సీ) మించిన ధరపై మాత్రమే విలువ ఆధారిత పన్ను వేసి, మెల్లగా తగ్గారు. జర్మనీ ఇందుకు పూర్తిగా విరుద్ధంగా నడిచింది. బడ్జెట్‌పై కోర్టు తీర్పు వచ్చాక, 2023 డిసెంబరులో ఒక్క రోజు వ్యవధిలో రాయితీకి తలుపులు మూసేశారు. మరుసటి ఏడాది అక్కడ విద్యుత్ కార్ల అమ్మకాలు పావు వంతుకు పైగా పడిపోయాయి. రాయితీ ఎంత అన్నదానికన్నా అది ఎప్పటిదాకా ఉంటుందో ముందే తెలియడం ముఖ్యమని నేను అనుకోవడానికి కారణం ఇదే.

న్యాయం సంగతికి వస్తే, తొలినాళ్లలో ఖరీదైన కార్లు కొన్నవారి వల్లనే కర్మాగారాలు పెరిగి, బ్యాటరీల ధర దిగివచ్చింది. మీరు నడపమంటున్న బస్సులోకి ఎక్కింది కూడా ఆ చౌకైన బ్యాటరీయే.

లెక్కల మాస్టారు:
వాహనానికి ఇంత అని రాయితీ ఇవ్వడంలోనే లెక్క తప్పుతోంది. పొగను కొలవాల్సింది అమ్ముడైన బండ్ల సంఖ్యతో కాదు, డీజిలు, పెట్రోలుతో తిరగకుండా తప్పించిన కిలోమీటర్లతో. సొంత కారు రోజులో ఎక్కువ భాగం నిలిపిన చోటే ఉంటుంది. నగర బస్సు రోజుకు రెండు వందల కిలోమీటర్ల దాకా తిరుగుతుంది. ట్యాక్సీలు, సరుకులు చేరవేసే చిన్న బండ్లు, ప్రయాణికుల ఆటోలు ఆ తర్వాతి వరుసలో ఉంటాయి. భారతదేశంలో విద్యుత్ వాహనాల ప్రోత్సాహానికి కేంద్రం తెచ్చిన ఫేమ్ పథకంలో 2019లో మొదలైన రెండో దశ సొంత వాడకపు కార్లను పక్కనపెట్టి, బస్సులకు, ఆటోలకు, ద్విచక్ర వాహనాలకు రాయితీ ఇచ్చింది. అమలు ఎలా సాగిందన్నది వేరే చర్చ కానీ, ఆ వరుస మాత్రం సబబైనదే.

విద్యుత్తు బొగ్గు నుంచి వస్తే లాభమేమిటని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు కాబట్టి ముందే రాస్తున్నాను. పెట్రోలు ఇంజను ఇంధనంలోని శక్తిలో పావు వంతుకు అటూ ఇటుగా మాత్రమే చక్రానికి చేర్చి, మిగిలినదాన్ని వేడిగా వదిలేస్తుంది. విద్యుత్ మోటారు తనకు అందినదాంట్లో చాలా భాగాన్ని కదలికగా మారుస్తుంది. అందుకే మేలు కొంత ఉంటుంది కానీ, విద్యుత్తులో బొగ్గు వాటా పెరిగేకొద్దీ అది తరుగుతుంది.

ఇంకొక మాట. విద్యుత్ కారు కూడా రోడ్డు మీద అంతే చోటు తీసుకుంటుంది. నార్వే రాజధాని ఓస్లో పరిసరాల్లో ఈ కార్లను బస్సుల వరుసలోకి అనుమతించాక అవి పెరిగిపోయి బస్సులకే అడ్డం కావడంతో, రద్దీ వేళల్లో డ్రైవరుతో పాటు మరొకరైనా కారులో ఉండాలన్న నిబంధన పెట్టాల్సి వచ్చింది.

పాత డిపో:
బస్సులు కొనేస్తే పని అయిపోయిందని అనుకునేవారికి నాలుగు మాటలు. చైనాలోని షెన్‌జెన్ 2017 చివరికల్లా సుమారు పదహారు వేల నగర బస్సులనూ విద్యుత్తుకు మార్చిందని అందరూ చెబుతారు. వాటిని ఛార్జ్ చేయడానికి ఎంత స్థలం, ఎన్ని తీగలు కావాలో ఎవరూ అడగరు. డీజిలు బస్సు ట్యాంకు కొన్ని నిమిషాల్లో నిండుతుంది. నూరు విద్యుత్ బస్సులు రాత్రి డిపోకు చేరి, ఒక్కొక్కటి అరవై కిలోవాట్ల చొప్పున ఒకేసారి లాగితే ఆరు వేల కిలోవాట్లు కావాలి. అందుకు వేరే ట్రాన్స్‌ఫార్మరు కావాలి, లేదా బస్సులను వంతులవారీగా ఛార్జ్ చేయాలి. వంతులు పెడితే అర్ధరాత్రి ప్లగ్గులు మార్చడానికి మనిషి ఉండాలి. తెల్లవారుజామున బయలుదేరే బస్సుకు మొదటి వంతు ఇవ్వాలి. ఇరుకు డిపోల్లో బస్సులను ఒకదాని వెనుక ఒకటి ఆనించి నిలుపుతారు. వెనుకదానికి ఛార్జింగ్ పూర్తయినా ముందుది కదిలితే గాని అది బయటికి రాలేదు. బస్సుకు ఇంత అని ఇచ్చే రాయితీలో ఈ ఖర్చులకు చోటు ఎక్కడుంది?

బాటసారి:
పాత డిపో గారు చెప్పిన ఖర్చులను నా వాదనలో చేర్చుకుంటున్నాను: డిపోకు విద్యుత్ లైను, స్థలం సిద్ధమయ్యాకే బస్సుల రాయితీ విడుదల కావాలి. విద్యుల్లత గారూ, మీరు కోరే నిలకడకు ఖజానాయే దిక్కు కానక్కర్లేదు. ఫ్రాన్స్ 2008లో ఎక్కువ పొగ వదిలే కొత్త కార్ల మీద అదనపు పన్ను వేసి, తక్కువ వదిలేవాటికి బహుమతి ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి ఏళ్లలో బహుమతులు పన్నును మించిపోయి ప్రభుత్వమే పూడ్చాల్సి వచ్చింది కాబట్టి, హద్దులను ఏటా సవరిస్తామని ముందే ప్రకటించాలి. ఇంధన పన్ను తగ్గిపోతే రోడ్లకు డబ్బెలా అన్నదానికీ దారి ఉంది. న్యూజిలాండ్ 2024 ఏప్రిల్ నుంచి విద్యుత్ కార్ల మీద కిలోమీటరు లెక్కన రోడ్డు రుసుము వసూలు చేస్తోంది.

విద్యుల్లత:
కిలోమీటరుకు రుసుము పెడితే, మాస్టారు ముందు వరుసలో నిలిపిన ట్యాక్సీలూ ఆటోలే అందరికన్నా ఎక్కువ చెల్లించాల్సి వస్తుంది. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడం కాదా అది?

లెక్కల మాస్టారు:
కాకుండా చేయవచ్చు. రుసుమును బండి బరువుతో ముడిపెట్టి, తేలికైన ఆటోకు నామమాత్రంగా, బరువైన సొంత కారుకు ఎక్కువగా నిర్ణయించాలి. బస్సును ఆ రుసుము నుంచి పూర్తిగా మినహాయించాలి.