అరుదైన కప్ప దొరికితే మైటోకాండ్రియా జన్యుక్రమం మొత్తం చదివించాలా?

కావలి మాస్టారు:
జంతుశాస్త్రవేత్త గుంతర్ 1876లో వర్ణించిన హోలోలియస్ కప్ప గురించి అడుగుతున్నాను. నున్నటి చర్మం, బండరాళ్ల మధ్య నివాసం. మొదటి నమూనా చీటీ మీద దొరికిన చోటు 'మలబారు', అంటే కేరళ వైపు. తర్వాత మన వైపు దొరికిందేమో నాగార్జునసాగర్ ప్రాంతంలో! వెలిగొండల్లో అలాంటిది కనిపిస్తే మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు, వీటికి సొంత డీఎన్ఏ ఉంటుంది) జన్యుక్రమం మొత్తం చదివించాలంటాను. అభ్యంతరం ఉన్నవారు చెప్పండి.

చీమకుర్తి వాసి:
నాకుంది. చదివించేలోగా బండ మిగలాలి కదండీ. మా గెలాక్సీ గ్రానైట్ క్వారీలు చూశారా? వానలు మొదలైన రాత్రుల్లో టార్చిలైటుతో తిరిగి, అరుపులు రికార్డు చేసి, ఎక్కడెక్కడ ఉందో పటం గీయండి. లీజు ఇచ్చే అధికారి ముందు పెట్టగలిగింది పటమే.

కావలి మాస్టారు:
ఏ కప్పో తేలకుండా ఆ పటం మీద ఏ పేరు రాస్తారు? ఒక్కో కణంలో మైటోకాండ్రియా డీఎన్ఏ నకళ్లు వందలు, వేలు ఉంటాయి. అందుకే నోట్లో దూదిపుల్ల తిప్పితే వచ్చే కాసిన్ని కణాలు చాలు, కప్పను చంపనక్కరలేదు.

ఉదయగిరి విద్యార్థిని:
మాస్టారూ, పేరు తేల్చడానికే అయితే మొత్తం ఎందుకండీ? మైటోకాండ్రియా డీఎన్ఏ వలయంలా ఉంటుంది; కప్పల్లో ఆ వలయం సుమారు 17 వేల డీఎన్ఏ అక్షరాలు, 37 జన్యువులు. జాతిని గుర్తించడానికి చాలామంది వాడేది వాటిలో ఒకటైన 16ఎస్ జన్యువులో ఐదారు వందల అక్షరాల ముక్క. పైగా మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి వైపు నుంచే వస్తుంది. రెండు జాతుల సంకరమైతే తల్లి జాతి మాత్రమే కనిపిస్తుంది, తండ్రి సంగతి కేంద్రకంలోని జన్యువులే చెప్పాలి.

కావలి మాస్టారు:
సంకరం మాట ఒప్పుకుంటున్నానమ్మా, కేంద్రక జన్యువులు కొన్ని చూడాల్సిందే. కానీ మలబారు చీటీ నిజమో కాదో తేల్చాలంటే మ్యూజియంలోని పాత నమూనాతో పోల్చాలి. 1876 నాటికి ఫార్మాలిన్ వాడుక రాలేదు, సారాయిలో భద్రపరిచేవారు కాబట్టి డీఎన్ఏ మిగిలి ఉండే అవకాశం ఉంది. మిగిలినా తునాతునకలుగానే. ఆ తునకలు వలయంలో ఎక్కడివైనా కావచ్చు. మన దగ్గర 16ఎస్ ఒక్కటే ఉంటే మిగతావన్నీ దేనితో పోల్చను?

ఉదయగిరి విద్యార్థిని:
ఆ లెక్కన ఒక్క కప్పకు మొత్తం చదివించి, మిగతావాటికి 16ఎస్‌తో సరిపెట్టవచ్చు. అందరికీ మొత్తం అంటే మాత్రం డబ్బు దండగ.

చీమకుర్తి వాసి:
ఆ ఒక్కటైనా దొరకాలిగా! అటవీ శాఖ అనుమతికి అర్జీ పెట్టేటప్పుడు మొదటి పద్దు రాత్రి సర్వేకే రాయండి. అలా అయితే నా సంతకమూ వేసుకోండి.