చీలమండ మూడుసార్లు బెణికింది: ఎగరడానికి భయం లేదు, దిగడానికే

నెట్ దగ్గర పొడుగోడు:
నేను వాలీబాల్‌లో మిడిల్ బ్లాకర్‌ని (నెట్ మధ్యలో ఎగిరి అవతలివాళ్ల దెబ్బని అడ్డుకునేవాణ్ని), పదకొండేళ్లుగా ఆడుతున్నాను. రెండేళ్లలో కుడి చీలమండ మూడుసార్లు బెణికింది. మొదటిసారి బ్లాక్‌కి లేచి దిగుతూ అవతలి అటాకర్ పాదం మీద పడ్డాను. వాడి పాదం సగానికి పైగా మావైపే ఉంది. రూల్ ప్రకారం తప్పు కాదు, మడమ నెట్ కింది సెంటర్ లైన్ మీద ఉంటే చాలు (ఆ రూల్ మీద నాకున్న కోపం ఇంకోరోజు రాస్తాను). రెండోసారి మా సెట్టర్ (అటాకర్‌కి బంతి లేపి ఇచ్చేవాడు) కాలే. మూడోసారి మాత్రం కింద ఎవరి కాలూ లేదు. ఖాళీ నేల మీద, వార్మప్‌లో మడత పడింది. టెన్షన్ మొదలైంది అక్కడే.

ఇప్పుడు నొప్పీ వాపూ లేవు. నిలబడి ఎగిరితే పాత ఎత్తే వస్తోంది. కానీ మ్యాచ్‌లో పక్కకి అడుగులేసి బ్లాక్‌కి చేరేసరికి బంతి దాటిపోతోంది. వీడియో నెమ్మదిగా నడిపి చూస్తే ప్రతిసారీ ఎడమకాలి మీదే దిగుతున్నాను. కుడికాలు ఆ తర్వాత మొహమాటంగా వచ్చి ఆనుతోంది.

కోచ్ బలం పెంచమన్నారు. ఆరు వారాలు కాఫ్ రైజులు (మడమ పైకెత్తి దించే వ్యాయామం) చేశాను, ఒంటికాలి మీద 25 సులువుగా చేస్తున్నాను. మరి బలం ఉండి కూడా కాలు ఎందుకు పట్టు తప్పుతోంది?

ఇంకో సంగతి. పళ్లు తోముకుంటూ కుడికాలి మీద నిలబడితే బయటి గిలక వెనక తాడులాంటిది టకటకా ఎగురుతుంటుంది. ఎడమకాలికి అంత లేదు.

కట్టు విప్పేవాడు:
ఫిజియోథెరపిస్టుని. మీరు చూస్తున్న తాడు పెరోనియల్ కండరాల టెండన్, అంటే ఆ కండరాన్ని ఎముకకి కలిపే నరంలాంటి తాడు. పాదం లోపలికి మడత పడబోతే బయటికి లాగి ఆపేది ఆ కండరాలే. కాఫ్ రైజుల్లో పని ఎక్కువగా పిక్కదే, వీటికి దక్కేది తక్కువ.

అసలు చిక్కు బలం ఒక్కటే కాదండీ, టైమింగ్ కూడా. బెణుకు చాలాసార్లు 50 మిల్లీసెకన్ల లోపే అయిపోతుంది. పెరోనియల్ రిఫ్లెక్స్ (ఆ కండరం తనంతట తాను బిగుసుకోవడం) మొదలవడానికే సుమారు అంత పడుతుంది, మీలాంటి చీలమండల్లో ఇంకాస్త ఆలస్యం. అంటే పాదం నేలని తాకాక కండరం మేలుకుంటే లాభం లేదు, గాల్లో ఉండగానే బిగుసుకోవాలి. లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) దెబ్బతిన్నప్పుడు పాదం ఏ కోణంలో ఉందో మెదడుకి చెప్పే సమాచారం మసకబారుతుంది, అందుకే ఆ ముందస్తు బిగింపు సరిగ్గా కుదరదు.

తుంటి పక్కనున్న గ్లూటియస్ మీడియస్ కండరాన్ని కూడా చూపించుకోండి. చీలమండ మీద నమ్మకం పోతే శరీరం తూకమంతా తుంటి దగ్గర సర్దుకుంటుంది. పక్క అడుగులో ఆలస్యానికి అదొక కారణం కావచ్చు. ఒక పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు: మడమ లేవకుండా మోకాలు గోడకి ఆనించి, బొటనవేలికీ గోడకీ మధ్య ఎంత దూరం వస్తుందో రెండు కాళ్లకీ కొలవండి. దూరం తక్కువ వచ్చిందంటే ఆ చీలమండ సరిగ్గా వంగట్లేదు. చీలమండ వంగకపోతే దిగినప్పటి దెబ్బ మోకాలి మీదికి పోతుంది.

పాత సెట్టర్:
తమ్ముడూ, నాదీ ఇదే కథ. నన్ను నిలబెట్టింది బ్యాలెన్స్ బోర్డు (నిలబడితే ఊగే పలక). నెదర్లాండ్స్‌లో 2001-02 సీజన్లో వాలీబాల్ జట్ల మీద దీన్ని పరీక్షించారు. ముందే బెణికినవాళ్లకి మళ్లీ బెణకడం తగ్గింది. కాకపోతే పాత మోకాలి దెబ్బ ఉన్నవాళ్లకి మోకాలి బాధలు పెరిగాయి. నీకు మోకాలి సమస్య ఉంటే ముందు ఫిజియోకి చెప్పు. చీలమండకి చుట్టే టేప్ కొద్దిసేపు ఆడగానే వదులవుతుంది, నేనైతే తొడుక్కునే బ్రేస్‌కే ఓటేస్తాను. బ్రేస్ వేసుకుంటే కండరం బద్ధకిస్తుందని భయపెట్టేవాళ్ల మాట పట్టించుకోకు.

నెట్ దగ్గర పొడుగోడు:
కొలిచాను. ఎడమ 11 సెంటీమీటర్లు, కుడి 7. మూడుసార్లు కొలిచినా అంతే. మోకాళ్లు బాగానే ఉన్నాయి, ఫిజియో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. కట్టు విప్పేవాడు గారూ, గాల్లో ఉండగానే బిగించడం ఎలా నేర్చుకోవాలి? చిన్న పెట్టె మీంచి ఒంటికాలి మీద దూకి, కదలకుండా నిలబడటంతో మొదలుపెట్టొచ్చా?

కట్టు విప్పేవాడు:
మొదలుపెట్టొచ్చు. ముందు రెండు కాళ్ల మీద, అది కుదిరాకే ఒంటికాలు. దిగాక మూడు సెకన్లు కదలకుండా నిలబడలేకపోతే పెట్టె ఎత్తు తగ్గించండి. రబ్బరు బ్యాండ్ కట్టి పాదాన్ని బయటికి తోయడం రోజూ చేయండి. ఆ తర్వాత ఎవరైనా బంతి విసురుతుంటే దిగడం. మ్యాచ్‌లో మీ చూపు కాలి మీద ఉండదు కదా.