గెట్టు అవతల వేరే రకం కంది ఉంటే, మన చేన్ల విత్తనం తీసుకోవచ్చా?

ఎర్రచెల్క (నాగర్‌కర్నూల్):
ఎకరం చెల్కల పీఆర్‌జీ 176 కంది ఉంది, జూన్ ఆఖర్ల వేసింది. సాళ్ల మధ్య 150, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు. ఇంకా పూతకు రాలే. తూర్పు గెట్టు అవతలనే ఆశ కంది, దక్షిణం దిక్కు బీటీ పత్తి. వచ్చే వానకాలానికి విత్తనం ఇందులకెంచే తీయాలె. పుప్పొడి ఎంత దూరం పోతది? గెట్టు పొంటి నాలుగు సాళ్లు జొన్న అడ్డం పెడితే ఆగుతదా? పత్తిల ఉన్న బీటీ గుణం కందికి ఎక్కుతదా? కల్తీ అయితే ఈసారి గింజలనే తెలుస్తదా?

విత్తనం పని:
పత్తి గురించి రంది పడకండి. పత్తి పుప్పొడి కంది పువ్వు మీద పడ్డా గింజ కట్టదు, జాతే వేరు. బీటీ జన్యువు పోతే ఇంకో పత్తికే పోతది. అది కూడా ఈగలు మోస్తేనే. పత్తి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటది, గాలికి లేవదు.

మీరు చూసుకోవాల్సింది ఆశనే. పూత మొదలైనంక ఒక కంది పువ్వు తెంపి విప్పి చూడండి. కింది రెండు రేకులు పడవ లెక్క అతుక్కొని ఉంటయి, లోపల పుప్పొడి ఉండే పది కేసరాలు, వాటి నడుమ పుప్పొడి అందుకునే కీలం. మొగ్గ విచ్చుకోకముందే కేసరాలు పగిలి సొంత పుప్పొడి కీలానికి అంటుతది. అందుకే ఎక్కువ గింజలు సొంతయే. కానీ విచ్చుకున్నంక పెద్ద తేనెటీగ వాలితే ఆ బరువుకు పడవ కిందికి వంగుతది, కీలం బయటికొచ్చి ఈగ పొట్టకు రాసుకుంటది. పొట్ట మీద అంతకుముందు వాలిన పువ్వు పుప్పొడి ఉంటది. ఆకులు గుండ్రంగా కత్తిరించుకపోయే ఈగలు ఇంకా ఎక్కువ మోస్తయి, అవి పుప్పొడి దాచుకునేదే పొట్ట కింది వెంట్రుకలల్ల. ఇట్ల పరాయి పుప్పొడితో కట్టే గింజ ఒక్కోచోట నూటికి ఐదు కూడా ఉండదు, ఈగలు బాగా ఉన్నచోట ఇరవై దాటుతది.

సర్టిఫైడ్ కంది విత్తనానికి 100 మీటర్ల ఎడం ఉండాలె. ఎకరం నలుచదరంగా ఉంటే ఒక పక్క 63, 64 మీటర్లే. అంటే దూరంతోని మీకు పని కాదు. జొన్న కూడా ఆపలేదు, ఈగ పైనుంచి దాటిపోతది. దానికన్నా మీ కందే మంచి అడ్డం. ఈగ ఒక పువ్వు నుంచి పక్క పువ్వుకే పోతది, మోసుకొచ్చిన పుప్పొడి మొదలు వాలిన పూలల్లనే ఎక్కువ దిగుతది. తూర్పు సగం పంట అమ్మకానికి ఉంచి, పడమటి దిక్కు లోపలి సాళ్ల నుంచి విత్తనం తీయండి. చివరి రెండు సాళ్లు అక్కడ కూడా వదిలేయండి.

నల్లరేగడి:
వచ్చే ఏడు పక్కాయన కన్నా పదిహేను రోజులు ఎనక వేస్తే పూతలు కలవవు కదా?

విత్తనం పని:
ఎనక వేస్తే తేడా తగ్గుతదన్నా, పెరగదు. మొదలు పూసేది పీఆర్‌జీనే, దాన్ని ఎనకకు జరిపితే ఆశ పూతకు ఎదురు పోయినట్టే. పైగా కంది పొద్దు పొట్టిగయితుంటే పూతకొచ్చే పైరు, ఎనక వేసింది తొందరగా అందుకుంటది. రకాల మధ్య ఉన్న తేడానే వాడుకోవాలె.

పాలెం బాట:
అదే మాట మీద ఇంకొంచెం. పీఆర్‌జీ 176 కాలం 130 నుంచి 135 రోజులు, ఆశ 170 నుంచి 180. పూతలల్ల కూడా మంచి తేడా వస్తది. కాబట్టి రెండు చేన్లు ఒకే అదనుల వేసి ఉంటే, మీ మొదటి పూత కాయ కట్టేటప్పటికి అవతల ఇంకా పువ్వు విచ్చదు. ఆ కాయలే మీ విత్తనం. అసలు ప్రమాదం మధ్యల వాన పడి మీ చేను మళ్లీ చిగురేసి పూసినప్పుడు. అది సరిగ్గా ఆశ పూతతోని కలుస్తది.

ఆశల మొదటి పువ్వు విచ్చిన రోజు నుంచి, మీరు విత్తనానికి ఎంచుకున్న మొక్కల మీద పూలు, మొగ్గలు అన్నీ గిల్లేయండి. అప్పటికే దిగిన కాయలు ఉంచి, మూడు రోజులకోసారి చూడండి.

ఎకరానికి 3 కిలోల లోపే విత్తనం కావాలె. మీ ఎడానికి ఎకరంల 13,000 పైన మొక్కలు ఉంటయి. ఎకరానికి 5 క్వింటాళ్లు పండుతదనుకుంటే మొక్కకు 37 గ్రాములు. గిల్లుడుతోని సగం పోయినా 160 మొక్కలు చాలు. తెగులు లేనివి, ఒకే తీరు ఎత్తు ఉన్నవి చూసి ఇప్పుడే రంగు గుడ్డ పేలికలు కట్టండి. వెర్రి తెగులు (ఆకులు చిన్నగయి పూత రాని తెగులు) కనబడ్డ మొక్క చుట్టుపక్కల మొక్కలు కూడా వద్దు.

గింజల తెలుస్తదా అన్నరు. తెలియదు. కంది గింజ పైపొట్టు తల్లి మొక్కదే, లోపల తండ్రి ఎవరైనా పైరంగు మారదు. మక్కల అట్ల కాదు, తెల్ల మక్క పక్కన పసుపుది ఉంటే అదే కంకిల పసుపు గింజలు పడతయి. కందిల కల్తీ వచ్చే ఏడు చేన్ల బయటపడతది: మిగతాదంతా పూతల ఉంటే నడుమ ఒకటి ఏపుగా పెరిగి ఇంకా మొగ్గ కూడా వేయదు. అసుంటి బెరుకులను పూయకముందే పీకేయాలె.

ఎర్రచెల్క:
దోమతెర కట్టవచ్చా అన్నా? గిల్లేందుకు మనుషులు దొరుకుతలేరు.

పాలెం బాట:
కట్టవచ్చు, సొంత పుప్పొడితోనే కాయ కడతది. మూడు సాళ్లు, పది మీటర్ల పొడుగు తీసుకుంటే 150 మొక్కలు. కర్రలు 8 అడుగుల ఎత్తు ఉండాలె, కొమ్మ తెరకు తగులొద్దు. తగిలిన పువ్వు మీద ఈగ బయటినుంచే వాలుతది. కింది అంచు మీద మట్టి కప్పండి. మొదటి పువ్వు విచ్చకముందే కట్టాలె, లేటయితే అప్పటిదాకా విచ్చిన పూలు గిల్లి కట్టండి. తెర లోపల కాయతొలుచు పురుగును పట్టించుకోకుంటే మొత్తం తింటది, పిట్టలు లోపలికి రావు కదా. వారానికి రెండుసార్లు ఒక పక్క లేపి మొగ్గలు చూసుకొని, అవసరమైతే మందు కొట్టి వెంటనే దింపండి.